ముద్ద దిగనప్పుడు నీళ్లతో సరిపెట్టుకోవద్దు



ఏమి చేయాలో పాలుపోని మనిషిని గూర్చి "గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది" అంటాం. వెలక్కాయ మాట అటుంచి, అన్నం ముద్దో చపాతీ ముక్కో మాంసం ముక్కో గొంతు దిగి, రొమ్ము ఎముక వెనుక ఎక్కడో ఆగిపోయేవారు నిజంగానే మన మధ్య ఉన్నారు. వారిలో చాలామంది దానిని జబ్బు అనుకోరు. ఒక గుక్క నీళ్లు త్రాగి, ముద్దను క్రిందికి నెట్టి, మళ్లీ తినడం మొదలుపెడతారు. అలా పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచిపోతాయి. ఆ అలవాటు వెనుక దాగి ఉండగల ఒక జబ్బును గూర్చి ఈ నెల తెలుసుకుందాం. దాని పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. పేరు పెద్దది గాని విషయం అర్థం కానంత కష్టమైనది కాదు.

నిదానంగా తినే పిల్లవాడు

హైదరాబాదు పాతబస్తీలో, ఫలక్‌నుమా లోకల్ రైలు మార్గంలో ఉప్పుగూడ ఉంది. పాలమూరు వైపు నుండి పనికోసం వచ్చి అక్కడ అద్దె ఇంట్లో ఉంటున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ముగ్గురు పిల్లలు. నడిపివాడికి పందొమ్మిదేళ్లు. చిన్నప్పటి నుండి పంక్తిలో అందరికంటే చివర లేచేది వాడే. "వీడికి నిదానం ఎక్కువ" అంటుంది తల్లి. "తిండి దగ్గర కూడా బద్ధకమే" అంటాడు తండ్రి. ప్రక్కన చెంబు లేకపోతే వాడు కంచం ముందు కూర్చోడు. రొట్టెను పాలలో నానబెట్టుకొని తింటాడు. మాంసం కూర వండితే పులుసు పోసుకొని ముక్కలు తమ్ముడికి వేస్తాడు. జ్వరం వస్తే మాత్రను పొడి చేసి ఇవ్వమంటాడు. చిన్నతనంలో ఆయాసం ఉండేది. ఇప్పటికీ పొద్దున లేవగానే తుమ్ములు.

ఇంట్లో ఎవరికీ ఇవన్నీ ఒక్కచోట చేర్చి చూడాలని తోచదు. ఒక రాత్రి పెండ్లి విందులో, నలుగురి మధ్య నీళ్ల కోసం లేవడానికి సిగ్గుపడి, బిర్యానీలోని మాంసం ముక్కను సరిగా నమలకుండా మింగుతాడు. అది ఆగిపోతుంది. నీళ్లు త్రాగితే నీళ్లు కూడా తిరిగి నోట్లోకి వస్తాయి. ఉమ్మి సైతం మింగలేడు. అప్పుడు గాని ఆసుపత్రి గుర్తుకు రాదు.

ఇది ఊహించి చెప్పిన కుటుంబమే. అయినా ఈ జబ్బు బయటపడే తీరు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. సంవత్సరాల తరబడి సర్దుబాటు, తరువాత ఒక్కరాత్రి ఆపద.

పొలమారడం వేరు, అడ్డుపడడం వేరు

తినేటప్పుడు దగ్గు వచ్చి ఉక్కిరిబిక్కిరైతే "పొలమారింది, ఎవరో తలచుకుంటున్నారు" అంటూ నెత్తిన తడతాం. పొలమారడమంటే ఆహారమో నీళ్లో దారి తప్పి గాలి గొట్టం వైపు వెళ్లడం. అప్పుడు దగ్గు వస్తుంది, ఊపిరి ఆడదు. మనం చెప్పుకుంటున్నది అది కాదు. ఇక్కడ ఆహారం సరైన దారిలోనే, అనగా అన్నవాహికలోనే దిగుతుంది. దిగి మధ్యలో నిలిచిపోతుంది. ఊపిరి ఆడుతుంది, మాట వస్తుంది. కాని రొమ్ము మధ్య బరువు, నొప్పి, నోట్లో ఉమ్మి ఊరడం ఉంటాయి.

అన్నవాహిక గొంతు నుండి కడుపు వరకు ఉండే కండరాల గొట్టం. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. మనం మింగిన ముద్దను ఆ కండరాలు అలలాగా క్రిందికి త్రోస్తాయి. సాగినప్పుడు గొట్టం సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. ఎక్కడైనా 13 మిల్లీమీటర్ల కంటే ఇరుకైతే గట్టి ఆహారం ఆగడం మొదలవుతుంది. లోపలివైపు మన నోటిలోని పొరవంటి మెత్తని పొర, అనేక వరుసల కణాలతో ఉంటుంది.

ఆ లోపొరను ఒక కోటగోడ అనుకోండి. ఒకప్పుడు హైదరాబాదు నగరం చుట్టూ రాతిగోడ ఉండేది. ఉప్పుగూడ నుండి రైలెక్కితే రెండో స్టేషను దబీర్‌పురా. ఆనాటి దర్వాజాలలో ఒకటి అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. గోడకు రాళ్లు ఎంత ముఖ్యమో వాటి మధ్య సున్నం అంత ముఖ్యం. అన్నవాహిక లోపొరలో కణాలు రాళ్లయితే, వాటిని అంటిపెట్టి ఉంచే కొన్ని మాంసకృత్తులు సున్నం వంటివి. ఈ జబ్బులో మొదట ఊడిపోయేది ఆ సున్నమే.

ఇంటింటా తెలిసిన ఇస్నోఫీలియా

"ఇస్నోఫీలియా" అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు. దగ్గు, తుమ్ములు, ఆయాసం వస్తే రక్తపరీక్ష చేయించి, ఇసినోఫిల్స్ పెరిగాయని డాక్టరు చెప్పడం మనకు అలవాటే. ఇసినోఫిల్ ఒక జాతి తెల్లరక్తకణం. 1879లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ దానిని గుర్తించాడు. ఇయోసిన్ అనే ఎర్రని రంగును ఆత్రంగా పీల్చుకొని మైక్రోస్కోపు క్రింద ఎర్రెర్రగా కనిపిస్తుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. ఆ కణం లోపల విషపు పొట్లాల వంటి రేణువులు ఉంటాయి.

ఈ కణం మనకు శత్రువు కాదు. ఏలికపాములు, కొంకిపురుగుల వంటివి శరీరంలో చేరినప్పుడు ఆ రేణువులను విసిరి వాటితో పోరాడే కావలివాళ్లలో ఇది ఒకటి. అందుకే నులిపురుగులున్న పిల్లలకు రక్తంలో ఇసినోఫిల్స్ పెరుగుతాయి. 2015 నుండి బడులలో, అంగన్‌వాడీలలో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరిపి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. అది తప్పక వేయించవలసిన మాత్ర. బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిముల పట్ల ఊపిరితిత్తులు విపరీతంగా ప్రతిస్పందించినా ఇవి పెరుగుతాయి. దానికి వేరే వైద్యం ఉంది.

కడుపులోను, ప్రేవులలోను ఈ కణాలు కొద్దిగా ఉండడం సహజమే. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక లోపొరలో మాత్రం ఇవి ఉండకూడదు. ఉన్నాయంటే వాటిని ఎవరో పిలిచినట్లే.

కావలివాడే ఇల్లు కాల్చితే

పిలిచేది ఎవరు? కొందరి శరీరం పుట్టుకతో వచ్చిన స్వభావం వలన, పాలు, గోధుమ వంటి మామూలు ఆహారంలోని మాంసకృత్తులను శత్రువులుగా పొరపడుతుంది. లోపొర కణాలు అపాయం వచ్చిందని సంకేతాలు పంపుతాయి. రోగనిరోధక వ్యవస్థలో ఎలర్జీ సంబంధమైన విభాగం మేల్కొంటుంది. అది విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-13 అనే రసాయనం లోపొర కణాల చేత ఈటాక్సిన్-3 అనే మరొక రసాయనాన్ని తయారు చేయిస్తుంది. ఇసినోఫిల్ కణాలను రక్తంలో నుండి లోపొరలోకి రప్పించే పిలుపు ఇదే. ఈ జబ్బులో ఈటాక్సిన్-3 పాత్రను అమెరికాలోని సిన్సినాటి పరిశోధకులు 2006లో కనుగొన్నారు.

వచ్చిన కావలివాళ్లకు అక్కడ పురుగూ లేదు, పామూ లేదు. అయినా తమ రేణువులను విసురుతారు. ఆ దెబ్బ లోపొరకే తగులుతుంది. అదే ఇంటర్‌ల్యూకిన్-13 కణాలను పట్టి ఉంచే సున్నాన్ని కూడ తగ్గిస్తుంది. సందులు ఏర్పడతాయి. ఆ సందులలో నుండి ఆహారపు మాంసకృత్తులు ఇంకా లోతుకు పోతాయి. పిలుపు ఇంకా పెద్దదవుతుంది. ఒకటి రెండవదానిని, రెండవది మొదటిదానిని పెంచుకుంటూ పోతాయి.

ఇది మొదటి దశ, అనగా వాపు దశ. దీనిని ఆర్పకపోతే రెండవ దశ వస్తుంది. పుండు మానినచోట చర్మం మచ్చకట్టి గట్టిపడినట్లే, లోపొర క్రింద నారవంటి గట్టి కణజాలం పేరుకుంటుంది. సాగవలసిన గొట్టం సాగదు. ఉంగరాలు తొడిగినట్లు కట్లు ఏర్పడతాయి. చివరకు ఇరుకైపోతుంది. మొదటి దశలో మందులు, పథ్యం బాగా పనిచేస్తాయి. రెండవ దశ ముదిరాక గొట్టాన్ని పరికరంతో వెడల్పు చేయవలసి వస్తుంది.

ఆలస్యానికి ఎంత మూల్యమో స్విట్జర్లాండు వైద్యులు 2013లో లెక్కకట్టి చూపారు. 200 మంది రోగులను పరిశీలించగా, లక్షణాలు మొదలైన రెండేళ్లలోపే జబ్బును గుర్తించినవారిలో 17 శాతం మందికి అన్నవాహిక ఇరుకై ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఆలస్యమైనవారిలో అది 71 శాతం. నీళ్లతో ముద్దను నెట్టుకుంటూ గడిపిన కాలం ఊరికే పోలేదన్నమాట.

డాక్టర్లకు కూడ కొత్త జబ్బే

ఈ మాట ఇంతవరకు వినలేదే అని మీరనుకోవచ్చు. శస్త్రవైద్యుడు స్టీఫెన్ ఆట్‌వుడ్, ఆయన సహచరులు 1993లో పన్నెండుమంది రోగులను వర్ణించి ఇది ప్రత్యేకమైన జబ్బు అని చెప్పారు. మరుసటి సంవత్సరం స్విట్జర్లాండులో అలెక్స్ స్ట్రామన్ అదే మాట చెప్పారు. 1995లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు పదిమంది పిల్లలకు మామూలు ఆహారం మాన్పించి, మాంసకృత్తులు లేని ప్రత్యేక పానీయం మాత్రమే ఇచ్చి చూశారు. పిల్లల బాధలు తగ్గాయి. మూలం ఆహారంలో ఉందని అప్పుడు తేటపడింది. అంతకుముందు అన్నవాహికలో ఇసినోఫిల్స్ కనిపిస్తే పులితేన్పుల జబ్బు అనే అనుకునేవారు. కనుక 1993కు ముందు చదువుకున్న వైద్యుల పాఠ్యపుస్తకాలలో ఇది లేదు.

అమెరికాలో ఇప్పుడు సుమారు 700 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నదని 2024లో ప్రచురించిన అంచనా. మన బంధువులెందరో అక్కడ పిల్లలను పెంచుతున్నారు. వారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. మన దేశంలో ఇది గుర్తించబడింది తక్కువ. ముక్క తీసి పరీక్షించనిదే ఇది బయటపడదు. ముక్క తీయడం ప్రతిచోటా జరగదు.

ఎవరిలో అనుమానించాలి?

ఏ వయసులోనైనా రావచ్చు. ఆడవారి కంటే మగవారిలో సుమారు మూడింతలు ఎక్కువ. ఆయాసం, తుమ్ములు, గజ్జి వంటి చర్మపు దురద, ఏదైనా ఎలర్జీ ఉన్నవారిలో ఎక్కువ. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులకు కూడ వచ్చే అవకాశం ఉంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నంత మాత్రాన రాదు.

పసిపిల్లలు పాలు త్రాగడానికి మొండికేస్తారు, కక్కుతారు, బరువు పెరగరు. బడి వయసు పిల్లలకు మాటిమాటికి కడుపునొప్పి, వాంతులు ఉంటాయి. పదేళ్లు దాటినవారిలో, పెద్దవారిలో ముద్ద దిగకపోవడం ముఖ్య లక్షణం. మందులకు తగ్గని గుండెమంట కూడ ఉండవచ్చు.

అయితే చాలామంది "నీకు మింగడం కష్టమా?" అని అడిగితే "లేదు" అంటారు. వారు అబద్ధమాడడం లేదు. బాధ తెలియకుండా తినే పద్ధతిని తామే ఏర్పరచుకున్నారు. కనుక అడగవలసిన ప్రశ్నలు వేరు.

1. ప్రతి ముద్దకు నీళ్లు త్రాగుతున్నారా?

2. ఆహారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకొని, పులుసులోనో మజ్జిగలోనో నానబెట్టుకొని తింటున్నారా?

3. అందరూ లేచినా వారి భోజనం ముగియడం లేదా?

4. మాంసం, ఎండురొట్టె, బ్రెడ్డు వంటివాటిని తప్పించుకుంటున్నారా?

5. అతిగా నములుతున్నారా?

6. మాత్రలు మింగడానికి భయపడుతున్నారా?

ఇందులో రెండు మూడింటికి "అవును" అని జవాబు వస్తే, దానితోపాటు ఎలర్జీ కూడ ఉంటే, పరీక్ష చేయించాలి. సంఘంలో ప్రేమవిందు జరిగినప్పుడు "నాకు ఆకలి లేదు" అని ప్రతిసారి ప్రక్కకు తప్పుకునే యౌవనస్థులుంటారు. వారిని బలవంతం చేయవద్దు, ఎగతాళి చేయవద్దు. తరువాత ఒంటరిగా కూర్చోబెట్టుకొని ఈ ప్రశ్నలు అడగండి.

ముద్ద దిగకపోవడానికి వేరే కారణాలు కూడ ఉన్నాయి. నలభై దాటిన వారికి, ముఖ్యంగా పొగాకు, గుట్కా, సారాయి అలవాటున్నవారికి కొత్తగా ఈ బాధ మొదలై బరువు తగ్గుతూ ఉంటే మొదట క్యాన్సరు కాదని తేల్చుకోవాలి. రక్తహీనత ఎక్కువగా ఉన్న స్త్రీలలో గొంతు దిగువన పలుచని తెరవంటిది ఏర్పడి ముద్దను ఆపవచ్చు. అన్నంతోపాటు నీళ్లు కూడ మొదటి నుండి దిగకపోతే కండరాల జబ్బు కావచ్చు. ఏదైనా సరే, తేల్చవలసింది డాక్టరే.

పరీక్ష ఎలా చేస్తారు?

రక్తపరీక్షతో ఈ జబ్బును తేల్చలేము. చాలామందికి రక్తంలో ఇసినోఫిల్స్ మామూలుగానే ఉంటాయి. ఎండోస్కోపి చేయాలి. అనగా కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపి అన్నవాహికను చూస్తారు. ఉంగరాల వంటి కట్లు, నిలువు గీతలు, తెల్లని చుక్కలు కనిపించవచ్చు. ఒక్కొక్కసారి అంతా మామూలుగానే కనిపిస్తుంది. అందువలన కంటికి కనిపించిన దానితో ఆగక, అన్నవాహికలో పైన, క్రింద వేర్వేరు చోట్ల నుండి కనీసం ఆరు చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోపు క్రింద చూడాలి. ముక్క తీసినప్పుడు నొప్పి తెలియదు. మైక్రోస్కోపులో ఎక్కువ పెద్దది చేసి చూసినప్పుడు ఒక్క చూపులో 15 గాని అంతకంటే ఎక్కువ గాని ఇసినోఫిల్స్ ఉంటే, వేరే కారణం ఏదీ లేకపోతే, ఇదే జబ్బు అని నిర్ధారిస్తారు.

కనుక ఎండోస్కోపికి వెళ్లినప్పుడు డాక్టరుతో ఈ మాట చెప్పండి: "అయ్యా, ముద్ద ఆగిపోతున్నది. ఎలర్జీ కూడ ఉన్నది. అన్నవాహిక నుండి కూడ ముక్కలు తీసి పంపిస్తారా?" ఇలా అడగడం డాక్టరును తప్పుపట్టడం కాదు.

ఉప్పుగూడ వారికి చార్మినార్, నయాపుల్ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్తే ఉస్మానియా ఆసుపత్రి ఉంది. అందులో ఉదరకోశ వ్యాధుల విభాగం ఉంది. సికింద్రాబాదులో గాంధీ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్, విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నాయి. రాయలసీమ నుండి మన కుటుంబాలు వెళ్లే వేలూరు సి.ఎం.సి.లోనూ ఆ విభాగం ఉంది. ఊరి నుండి బయలుదేరేముందు పాత చీటీలు, వాడిన మందుల పేర్లు ఒక సంచిలో పెట్టుకొని వెళ్లండి.

వైద్యం మూడు దారులు

మొదటిది, ఆమ్లం తగ్గించే మాత్రలు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి మన మందుల షాపులన్నిటిలో దొరుకుతాయి. వీటిని డాక్టరు చెప్పిన మోతాదులో ఎనిమిది నుండి పన్నెండు వారాలు వాడితే పదిమందిలో నలుగురైదుగురికి వాపు తగ్గుతుంది. ఆమ్లాన్ని తగ్గించడమే కాక, ఈటాక్సిన్-3 తయారీని కూడ ఇవి అణచివేస్తాయి.

రెండవది, మింగే స్టిరాయిడ్. ఆయాసానికి పీల్చే బ్యూడెసోనైడ్, ఫ్లూటికాసోన్ మందులనే ఇక్కడ పీల్చకుండా మింగిస్తారు. లోపొరకు అంటుకొని పనిచేయాలి కనుక బ్యూడెసోనైడ్ ద్రవాన్ని చిక్కని దానితో కలిపి ఇస్తారు. తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. అరగంట వరకు ఏమీ తినకూడదు, త్రాగకూడదు. పదిమందిలో ఆరేడుగురికి గుణం కనిపిస్తుంది. నోటిలో తెల్లని పూత వస్తే డాక్టరుకు చెప్పాలి. స్టిరాయిడ్ అనగానే భయపడవద్దు, అలాగని డాక్టరు చెప్పకుండా సొంతంగా వాడవద్దు.

మూడవది, పథ్యం. ఎక్కువమందిలో ఈ జబ్బును రేపే ఆహారాలు ఆరు: పాలు, గోధుమ, గుడ్లు, సోయా, పల్లీలు మరియు జీడిపప్పు బాదం వంటి గింజలు, చేపలు రొయ్యలు. అన్నిటికంటే ముందు నిలిచేది పాలు, తరువాత గోధుమ. 2023లో వెలువడిన అమెరికా పరిశోధనలో 129 మంది పెద్దవారిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పాలు మాత్రమే, మరొక గుంపుకు ఆరూ మాన్పించారు. పాలు మాత్రమే మానినవారిలో 34 శాతానికి, ఆరూ మానినవారిలో 40 శాతానికి లోపొర బాగుపడింది. రెంటి మధ్య తేడా అంతగా లేదు. అందుచేత ఇప్పుడు చాలామంది వైద్యులు పాలతోనే మొదలుపెడతారు.

పాలు మానడమంటే గ్లాసుడు పాలు మానడం కాదు. పెరుగు, మజ్జిగ, పన్నీరు, కోవా, ఇరానీ చాయ్ అన్నీ పాలే. కాచినంత మాత్రాన ఆ గుణం పోతుందని అనుకోవద్దు. ఆవు పాలకు బదులు గేదె పాలు, మేక పాలు పోస్తే ప్రయోజనం లేదు. మాంసకృత్తులు దాదాపు ఒకటే. గోధుమ మానాలంటే చపాతీతోపాటు ఉప్మారవ్వ, సేమ్యా, మైదా, బ్రెడ్డు, ఉస్మానియా బిస్కెట్టు, గోధుమలు వేసి వండే హలీం కూడ మానాలి. పల్లీలు మానితే మన పచ్చళ్లు, మిర్చీ కా సాలన్, బఘారా బైంగన్ చూసుకోవాలి. సోయా అంటే మీల్‌మేకర్.

మన పల్లె కుటుంబాలకు ఒక మేలు ఉంది. పాశ్చాత్య దేశాలవారికి గోధుమ మానడం కష్టం. మనకు వరి అన్నం, జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగిసంకటి ఉన్నాయి. పాలు మానిన పిల్లలకు ఎముకల నిమిత్తం సున్నపు ధాతువు కావాలి. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అయినా ఎదిగే పిల్లలకు డాక్టరును అడగకుండా పాలు గాని గుడ్లు గాని మాన్పించవద్దు. జబ్బు తగ్గకపోగా పిల్లవాడు చిక్కిపోతాడు. గోధుమ మానవలసి వచ్చినవారు ప్రభు బల్లలో పాలుపొందే విషయమై ముందుగానే మీ పాస్టరుగారితో మాట్లాడుకోవచ్చు. అందులో సిగ్గుపడవలసినది లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఏ ఆహారం పడదో చెప్పుతామంటూ వేల రూపాయలు తీసుకొని చర్మంమీద, రక్తంలో ఎలర్జీ పరీక్షలు చేస్తారు. ఈ జబ్బు విషయంలో ఆ పరీక్షలను నమ్మి ఆహారం మానడానికి వీలులేదు. మానిన తరువాత, మళ్లీ ఒక్కొక్కటి చేర్చిన తరువాత లోపొర ముక్కను చూడడమే సరైన దారి. బాధ తగ్గినంత మాత్రాన లోపల వాపు తగ్గిందని చెప్పలేము.

ఈ మూడింటికి లొంగనివారికి డుపిల్యుమాబ్ అనే సూదిమందు ఉంది. అమెరికా 2022లో పన్నెండేళ్లు దాటినవారికి, 2024లో ఏడాది దాటిన పిల్లలకు అనుమతించింది. ధర చాలా ఎక్కువ. గొట్టం ఇరుకైపోయినవారికి ఎండోస్కోపి ద్వారానే బుడగతో నెమ్మదిగా వెడల్పు చేస్తారు. దానితో మింగడం సులువవుతుంది గాని వాపు ఆరదు. మందో పథ్యమో కొనసాగించవలసిందే. ఈ జబ్బు బి.పి. వలె, ఆయాసం వలె అదుపులో ఉంచుకోవలసినది. మందు మానితే తిరిగి వస్తుంది.

చేపమందును గూర్చి

ఉప్పుగూడకు దూరం కాని దూద్‌బౌలి పేరు చెప్పగానే చేపమందు గుర్తుకు వస్తుంది. 1845 నుండి ఇస్తున్నామని బత్తిని కుటుంబంవారు చెబుతారు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, ఆయాసం ఉన్నవారికి బ్రతికున్న కొర్రమీను పిల్ల నోటిలో మందు పెట్టి మింగిస్తారు. దూర జిల్లాల నుండి వేలాదిమంది వస్తారు. ఎవరి నమ్మకం వారిది. అయితే ఆయాసం ఉన్నవారిలోనే ఈ అన్నవాహిక జబ్బు కూడ ఎక్కువ అని చూశాం. రెండు మూడు అంగుళాల చేపపిల్లను నమలకుండా మింగడం ఇరుకైన గొట్టం ఉన్నవారికి ప్రమాదకరం. ముద్ద ఆగే అలవాటున్నవారు దాని జోలికి పోవద్దు. ఆయాసానికి పీల్చే మందును ఎన్నడూ మానవద్దు.

అడ్డుపడిన వేళ

చేపముల్లు గుచ్చుకుంటే ఎండు అన్నం ముద్ద, అరటిపండు మింగించడం మన అలవాటు. ముద్దే అడ్డుపడినప్పుడు ఆ పని చేయవద్దు. ఒకదానిపై మరొకటి పేరుకుంటుంది. బలవంతంగా వేలు పెట్టి కక్కించవద్దు. వాపుతో గట్టిబారిన గొట్టం చిరిగే అపాయం ఉంది. మనిషిని కూర్చోబెట్టండి, ఉమ్మిని బయటికి ఉమ్మనివ్వండి. ఉమ్మి కూడ మింగలేకపోతే, రొమ్ములో తీవ్రమైన నొప్పి ఉంటే, తెల్లవారేవరకు ఆగకుండా ఎండోస్కోపి ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 108కి ఫోను చేయండి. దగ్గుతూ ఊపిరి ఆడకపోతే అది గాలి గొట్టపు ఆపద. దానికి క్షణం కూడ ఆలస్యం కూడదు.

అడ్డుపడినది తానే జారిపోయినా "గండం గడిచింది" అని ఇంటికి తిరిగి రావద్దు. ఎందుకు ఆగిందో తెలుసుకొనే ముక్క పరీక్షకు సమయం నిర్ణయించుకొనే రండి.

చివరిగా ఒక మాట. ఈ జబ్బు క్యాన్సరుగా మారుతుందనడానికి ఆధారాలు లేవు. పెండ్లి సంబంధాలు చెడిపోతాయని ఆడపిల్లల విషయంలోను, మగపిల్లల విషయంలోను దీనిని దాచిపెట్టడం అనవసరం. మందు వాడుతూ, పథ్యం పాటిస్తూ చదువుకోవచ్చు, పని చేసుకోవచ్చు, కాపురం చేసుకోవచ్చు. దాచిపెట్టినందువలన గొట్టం ఇరుకవడం తప్ప లాభం లేదు.

ఈ వారం ఒక పని చేయండి. అందరూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు ఎవరు ఎన్నిసార్లు నీళ్లు త్రాగుతున్నారో, ఎవరు ముక్కలు ప్రక్కన పెడుతున్నారో గమనించండి. "త్వరగా తిను" అని గద్దించడానికి ముందు "నీకు దిగడం లేదా, నాన్నా?" అని అడగండి.